గుండ్రటి గీతకు నాలుగు వక్రాలు చాలు

ప్రశ్న: వృత్తం చుట్టూ 36 బిందువులు లెక్కగట్టి, సరళరేఖలతో కలిపేలా కోడ్ రాశాను. బొమ్మ పెద్దదైతే అంచు కోణాలుగా కనిపిస్తోంది. బిందువులు పెంచడమే మార్గమా?

జవాబు: పెంచవచ్చు గానీ, క్యూబిక్ బెజియర్ వక్రాలు అంతకంటే మంచి దారి. మీ బహుభుజిలో ప్రతి భుజం మధ్యభాగం అసలు వృత్తం కంటే వ్యాసార్ధంలో 0.38 శాతం లోపలికి ఉంటుంది. వ్యాసార్ధం 500 పిక్సెళ్లయితే తేడా దాదాపు 2 పిక్సెళ్లు. అందుకే కంటికి ఆనుతోంది. వృత్తాన్ని నాలుగు పాదాలు చేసి, ఒక్కోదానికి ఒక బెజియర్ వక్రం గీయండి. పాదం రెండు కొసల నుంచీ స్పర్శరేఖ వెంట, వ్యాసార్ధానికి 0.5523 రెట్ల దూరంలో నియంత్రణ బిందువులు పెట్టండి. అప్పుడు గరిష్ఠ దోషం సుమారు 0.027 శాతమే, అంటే ఇక్కడ 0.14 పిక్సెల్. దీర్ఘవృత్తానికీ ఇదే సంఖ్య పనికొస్తుంది: అడ్డం దూరాలకు అడ్డం అర్ధాక్షాన్ని, నిలువు దూరాలకు నిలువు అర్ధాక్షాన్ని తీసుకోండి.

ఇది అచ్చమైన వృత్తం కాదు కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే, బహుపదితో వృత్తం కచ్చితంగా రాదు. అయినా పిక్సెల్‌లో ఏడో వంతు తేడాను తెర మీద ఎవరూ పట్టలేరు. పీడీఎఫ్‌లో వృత్తానికి విడిగా ఆదేశమే లేదు. అక్కడ సాధారణంగా వాడేది ఈ వక్రాలనే. బొమ్మ మరీ పెద్దదైతే ఎనిమిది ముక్కలు చేసి, 0.5523 బదులు 0.2652 వాడండి, దోషం సుమారు 64 రెట్లు తగ్గుతుంది. క్యాన్వాస్, ఎస్‌వీజీల్లో దీర్ఘవృత్తానికి సిద్ధంగా ఆదేశం ఉంది కాబట్టి అక్కడ దాన్నే వాడండి. అది లేనిచోట బిందువుల లెక్క మానేసి బెజియర్‌కు మారండి.