పిల్లికి మధుమేహము

ప్రత్తి, మిరప పండు గుంటూరు, ప్రకాశం మైదానములలో బస్తాలను ఎలుకలు కొఱుకకుండ కాచు పిల్లి రైతునకు ఉపకారి. అది మాటిమాటికి నీరు త్రాగుచు, బాగుగా తినుచున్నను నానాటికి చిక్కిపోయినచో, ఎండవలని దాహమని ఉపేక్షింపరాదు, పశువైద్యునకు చూపవలెను. మధుమేహమని తేలినచో ముఖ్యమైన మందు ఇన్సులిను. దీనిని 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

సాధారణముగా 12 గంటల కొకమారు, పిల్లి ఆహారము తినిన పిదప, వైద్యుడు చెప్పిన మోతాదును చర్మము క్రింద సూదితో ఎక్కింపవలెను. మిల్లీలీటరునకు 40 యూనిట్లున్న మందును 100 యూనిట్ల సిరంజితో కొలువరాదు, మోతాదు తప్పును. పిల్లి ఆహారము ముట్టనిచో, వైద్యుని అడుగక సూది వేయరాదు. ఏలయన రక్తములో చక్కెర మిక్కిలి తగ్గిన పిల్లి తూలిపడును, ప్రాణమే పోవచ్చును. అట్టి వేళ చిగుళ్ళకు తేనె రాచి, వెంటనే వైద్యుని కడకు గొనిపోవలెను.

తన బాధ చెప్పుకొనజాలని జీవికి వేళ తప్పని సేవయే ప్రాణరక్ష.