సందేహాలు – సమాధానాలు: దొంగకి ఎక్స్‌పీ ఇవ్వాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే పేచీ: బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్ ప్లేయింగ్ ఆటల్లో దుర్మార్గుడి వేషం. నాలుగింటికి జవాబులిస్తున్నాను.

*ఆదివారాలు మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ఆట నడిపే గేమ్ మాస్టర్ని నేనే. మా బావమరిది వేసే దొంగకి నీతీ నియమం లేదు. కిందటి వారం కరవు ఊరికి చేర్చాల్సిన ధాన్యం బండ్లు దారిలోనే అమ్మేశాడు. లెక్క ప్రకారం ఎక్స్‌పీ (పాత్ర లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) ఇచ్చాను. మిగతా ముగ్గురూ “బండ్లకి కాపలా కాసింది మేము, లెవెల్ వాడికా?” అని అలిగారు. కోత పెట్టమంటారా?* — ఒక గేమ్ మాస్టర్, కదమా

వద్దండీ. కోత పెడితే బావమరిది కూడా అలుగుతాడు తప్ప ఆట బాగుపడదు.

ఈ తగువు ఆటతోపాటే పుట్టింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని అచ్చువేసినప్పుడు, తెచ్చుకున్న బంగారు నాణేనికి ఒక పాయింటు చొప్పున లెక్క. అది ఎవరి సొమ్మని పుస్తకం అడగలేదు. కత్తి దూయకుండా రాక్షసుడి కళ్లుగప్పి పెట్టె ఎత్తుకొచ్చినవాడికే లాభం కాబట్టి ఆటగాళ్లు బుర్ర వాడారు. దోపిడీకీ అలవాటుపడ్డారు. 1979 నాటి డంజన్ మాస్టర్ల పుస్తకంలో గైగాక్స్ రెండో కొసకి పోయాడు. ధర్మపక్షమో అధర్మపక్షమో ముందు రాసుకున్నది మారిస్తే ఒక లెవెల్ ఊడుతుంది. నా ఉద్దేశంలో అలాంటి నియమం బల్ల దగ్గర ధర్మాత్ముల్ని కాదు, ప్లీడర్లని తయారుచేస్తుంది.

ఎక్స్‌పీ ఆటగాడిది, శిక్ష పాత్రది. రెండూ ఒకే పద్దులో రాయకండి. ఆ బస్తాల మీద ఊరి ముద్ర ఉండే ఉంటుంది కదా? వచ్చే ఆదివారం పాత్రల జట్టుని (పార్టీని) దెబ్బలతో ఆ ఊరికే చేర్చండి. వైద్యం చేసే పూజారి ఒక్కొక్కరికే కట్టు కట్టుకుంటూ వచ్చి, దొంగ దగ్గరికొచ్చేసరికి మందుగిన్నె మీద మూత పెట్టేస్తాడు. మీ బావమరిది పాచిక గుప్పిట్లో ఆడిస్తూ “ఒప్పిస్తా, వేస్తున్నా” అంటాడు. వెయ్యనివ్వండి. ఇరవై పడితే మందు దొరుకుతుంది. ధర మాత్రం డబ్బు కాదు, బండ్లు కొన్న వర్తకుడి పేరు.

అలిగిన ముగ్గురి అసలు బాధ నీతి గురించి కాదనుకుంటాను. చెడ్డపేరు నలుగురికీ, లాభం ఒక్కడికీ. ఎక్స్‌పీ పార్టీ మొత్తానికి సమానంగా పంచితే సగం గొడవ తీరుతుంది. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో ఇన్‌స్పిరేషన్ అని ఒకటుంది. అది ఉన్నవాడు ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. దొంగ తన దురాశవల్ల చిక్కులో పడిన రోజున అది ఇవ్వండి. దురాశ గిట్టుబాటైన రోజున అక్కర్లేదు, వాడికి ముట్టాల్సింది ముట్టింది.

*మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఆటలో హంతకుడి వేషమట. మొన్న గదిలోంచి “రాజుగారి పాలల్లో విషం కలిపేశా!” అని అరిస్తే మిగతా పిల్లలు చప్పట్లు. పాడైపోతాడేమోనని భయంగా ఉంది.* — ఒక తల్లి, టెల్కో కాలనీ

అమ్మా, ఎస్వీ రంగారావు సినిమాల్లో నిలదొక్కుకోకముందు మన జంషెడ్‌పూర్‌లోనే టాటా కంపెనీలో ఉద్యోగం చేశారు. 1963లో ‘నర్తనశాల’లో కీచకుడు వేశారు. జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి తెచ్చిపెట్టింది ఆ వేషమే. కీచకుడికి మాత్రం భీముడి చేతిలో చావు తప్పలేదు. ఆ పిల్లలు చప్పట్లు కొట్టింది విషానికి కాదు, మీవాడు దాన్ని రక్తి కట్టించినందుకు.

మీ భయం కొత్తదేమీ కాదు. 1980లలో అమెరికాలో ఇదే గగ్గోలు. కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి 1983లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి వ్యతిరేకంగా సంస్థే పెట్టింది. ఆటవల్లే పిల్లలు చనిపోతున్నారన్న ఆరోపణ చివరికి నిలబడలేదు. మీరు చూడాల్సింది ఆట ముగిశాక పిల్లల ముఖాలు. పకోడీలు తింటూ రాజుగారి గురించి ఇంకా వాదులాడుకుంటుంటే బెంగ లేదు. ఒకరు ముభావంగా వెళ్లి మళ్లీ రావడం మానేస్తే, అప్పుడు మీవాణ్ణి కూర్చోబెట్టి అడగండి.

*నా పాత్ర స్వార్థపరుడు. తోటివాళ్లు నిద్రపోతుంటే సంచుల్లో నాణేలు తీశాను. అందరూ నన్నే తిట్టారు. పాత్ర స్వభావమే అంత, నేనేం చెయ్యను?* — ఒక విద్యార్థి, ఆదిత్యపూర్

ఆ స్వభావం రాసిందెవరు బాబూ? స్వార్థపరుడికి లెక్క బాగా తెలుస్తుంది. వీళ్ల కత్తులు లేకపోతే గుహలోంచి ప్రాణాలతో బయటపడనని తెలిసినవాడు వీళ్ల సంచి ముట్టడు. ఖజానాకి కన్నం వేస్తాడు, వీళ్లచేత కాపలా కూడా కాయిస్తాడు.

మనలో మనకి దొంగతనాలు ఉండొచ్చా అన్నది ఆట మొదలెట్టకముందే తేల్చుకోవాల్సింది. ఆ కూర్చోవడాన్నే సెషన్ జీరో అంటారు. చిత్రహింసలు, అత్యాచారాలు, పసిపిల్లల చావులు వద్దని ఎవరన్నా అంటే, ఎందుకని అడగకుండా వదిలెయ్యాలి. జాన్ స్టావ్రోపౌలస్ తెచ్చిన ఎక్స్ కార్డ్ పద్ధతి ఇందుకే. ఎక్స్ అని రాసిన కార్డు బల్ల మధ్య ఉంటుంది. ఎవరు దాన్ని ముట్టినా ఆ విషయం పక్కన పెట్టి ముందుకి పోతారు. ఈలోగా ఆ నాణేలు తిరిగిచ్చెయ్.

*మాకు అందరం దుర్మార్గులుగానే ఆడాలని ఉంది. ఏ ఆట మంచిది?* — నలుగురు మిత్రులు, సోనారి

జాన్ హార్పర్ 2017లో తెచ్చిన ‘బ్లేడ్స్ ఇన్ ది డార్క్’. అందులో అందరూ దొంగల ముఠావాళ్లే. చేసిన ప్రతి పనికీ హీట్ పెరుగుతుంది, పోలీసుల కన్ను పడుతుంది, ముదిరితే ఎవరో ఒకరు జైలుకెళ్లి ముఠా భారం దించాలి. ఆట చివర ఎక్స్‌పీ ఇచ్చేటప్పుడు అడిగే ప్రశ్నల్లో ఒకటి నాకు చాలా ఇష్టం: నీ వ్యసనంతో సతమతమయ్యావా? ఎంత దోచావని మాత్రం అడగరు.

అంత పుస్తకం చదివే ఓపిక లేకపోతే జేసన్ మార్నింగ్‌స్టార్ 2009లో రాసిన ‘ఫియాస్కో’ తీసుకోండి. గేమ్ మాస్టర్ అక్కర్లేదు. తలకి రెండు నల్ల, రెండు తెల్ల పాచికలు చాలు. దురాశ మెండు, తెలివి తక్కువ ఉన్న మనుషులు ఒక్క పూటలో కొంప ముంచుకుంటారు. మీరు నలుగురే కాబట్టి సరిగ్గా సరిపోతుంది.