వేసవి సెలవులు, మ్యూజియంలు: బిష్టుపూర్ నుండి ఒక పాఠం

జంషెడ్‌పూర్ నగరంలోని ప్రధాన వ్యాపార కేంద్రాలలో బిష్టుపూర్ ఒకటి. ‘బిష్టు’ అనునది విష్ణు శబ్దమునకు బెంగాలీ వాడుక రూపం. ఆ పేట నేడు జార్ఖండ్ రాష్ట్రంలో ఉన్నది. 2000 నవంబరు 15 వరకు అది బీహారులో భాగం. అక్కడి ప్రసిద్ధ దేవాలయాలలో ఒకటి తెలుగువారు నిర్మించుకున్న ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం. బెంగాలీ పేరు గల ఒక పేటలో, హిందీ రాజభాషగా గల రాష్ట్రంలో, తెలుగువారి గుడి వెలసిన వైనం తెలుసుకొనగోరే విద్యార్థి ఏ పుస్తకం చూడాలి? ఏ మ్యూజియంకు వెళ్ళాలి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటకు వేసవి సెలవులే తగిన సమయమని ఈ వ్యాసంలో వివరించబడినది.

నగరం పుట్టిన తీరు

1904లో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలోని ఇనుప ఖనిజాన్ని గురించి జంషెడ్జీ టాటాకు లేఖ వ్రాశాడు. అదే సంవత్సరం మే 19న జంషెడ్జీ మరణించాడు. ఆయన సంకల్పాన్ని కుమారుడు దొరాబ్జీ, సహచరులు నెరవేర్చారు. 1907లో కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి సమీపంలోని సాక్చి గ్రామం కర్మాగారానికి తగిన చోటుగా నిర్ణయించబడినది. 1911 డిసెంబరులో మొదటి ఇనుము, 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మె తయారైనవి. 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటి రైల్వే స్టేషను టాటానగర్ అయినది.

1911 జనాభా లెక్కల నాటికి అక్కడ 5,672 మంది ఉండగా, 1921 నాటికి ఆ సంఖ్య 57,360కి పెరిగింది. పదేళ్ళలో పదింతలైన ఊరిలో అత్యధికులు ఎక్కడినుండో వచ్చినవారే అయి ఉండాలి. బెంగాల్-నాగపూర్ రైల్వే మార్గం ఒకవైపు వాల్తేరును, మరొకవైపు కాలీమాటిని ఖరగ్‌పూర్‌తో కలిపింది. నాటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి తెలుగువారు ఆ రైలు మార్గం వెంట పనులకు వలస వెళ్ళారు. పంజాబు, బెంగాలు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, గుజరాతు ప్రాంతాల నుండి కూడా జనం వచ్చారు.

అయితే ఆ నేల అంతకుముందు ఖాళీగా లేదు. సాక్చి, సోనారి, కదమా, జుగ్‌సలాయి అనునవి పూర్వం గ్రామాల పేర్లు. సంతాల్, హో, ముండా, భూమిజ్ జనులు ఆ ప్రాంతంలో తరతరాలుగా నివసిస్తూ వచ్చారు. గ్రామాలు నగరంలో కలిసిపోగా పేర్లు మాత్రం పేటలకు మిగిలినవి. ఈ నగర చరిత్రలో వచ్చినవారి కథతోపాటు, ముందునుండి ఉన్నవారి కథ కూడా సమానంగా చోటు చేసుకోవాలి.

భద్రపరచినది, భద్రపరచవలసినది

జంషెడ్‌పూర్‌లో చరిత్రకు ఆధారాలు లేకపోలేదు. రూసీ మోదీ సెంటర్ ఫర్ ఎక్సలెన్స్ భవనంలో టాటా స్టీల్ పత్ర భాండాగారం ఉన్నది. కంపెనీకి సంబంధించిన పాత ఉత్తర ప్రత్యుత్తరాలు, పటాలు, ఛాయాచిత్రాలు అక్కడ భద్రపరచబడుచున్నవి. సోనారిలోని గిరిజన సంస్కృతి కేంద్రం సంతాల్, హో, ముండా, ఒరావ్ ప్రజల జీవన విధానాన్ని, వాద్యాలను, పనిముట్లను సందర్శకులకు పరిచయం చేస్తుంది. సంతాలీ భాషకు 1925లో పండిత రఘునాథ్ ముర్ము ఓల్ చికీ లిపిని రూపొందించాడు; 2003లో 92వ రాజ్యాంగ సవరణ ద్వారా ఆ భాష ఎనిమిదవ షెడ్యూలులో చేరింది.

కానీ కంపెనీ రికార్డులు స్వభావరీత్యా కార్యాలయ పత్రాలు. వాటి భాష ప్రధానంగా ఇంగ్లీషు. కొలిమి వద్ద నిలబడిన మనిషి తన ఇంటికి ఏమని వ్రాసుకున్నాడో ఆ ఫైళ్ళలో కనిపించదు. అది వ్రాయబడిన చోటు వేరు. పోస్టు కార్డులలో, మనియార్డరు ఫారం అడుగున సందేశానికి విడిచిన చిన్న జాగాలో, పెళ్ళి శుభలేఖల వెనుక, నాటకం ఆడిననాటి ఛాయాచిత్రాలపై అది తెలుగులో ఉన్నది. అదే విధంగా పొరుగింట ఒడియాలో, గురుముఖిలో, బెంగాలీలో ఉన్నది.

వలస కుటుంబపు కాగితాలకు ఒక విశేష లక్షణం ఉన్నది. బిష్టుపూర్ నుండి వ్రాసిన ఉత్తరం బిష్టుపూర్‌లో ఉండదు. అది అందిన ఊరిలో, శ్రీకాకుళం వైపు ఏ పల్లెలోనో, ట్రంకు పెట్టెలో ఉంటుంది. పల్లె నుండి వచ్చిన జాబు బిష్టుపూర్ ఇంటిలో ఉంటుంది. ప్రశ్న ఒక రాష్ట్రంలో, జవాబు మరొక రాష్ట్రంలో ఉన్నట్లు! ఏ ఒక్క మ్యూజియం కూడా తన ఊరిలోనే వెదకినంత కాలం ఈ రెండు భాగాలను కలపలేదు. వాటిని కలపగలిగినది వేసవి ప్రయాణమే. సెలవులకు తాతగారి ఊరికి వెళ్ళే పిల్లలు ఆ రెండు పెట్టెల మధ్య ఏటా రాకపోకలు చేస్తూనే ఉన్నారు. ఏమి అడిగి తేవాలో వారికి చెప్పినవారే కరువు.

ఆలస్యమైతే కలిగే నష్టం రెండు విధాలు. మొదటి తరాలవారు మరణించుటతో వారి జ్ఞాపకాలు పోవుట ఒకటి. రెండవది అంత సులభంగా కంటికి కనిపించదు. పరభాషా ప్రాంతంలో పెరిగిన పిల్లలలో తెలుగు మాట్లాడగలిగినా చదవలేనివారు ఉంటారు. అటువంటి ఇంటిలో ఉత్తరం చెక్కుచెదరకుండా ఉన్నా, దానిని చదివి చెప్పగల మనిషి లేనినాడు అది వట్టి కాగితమే.

వేసవి కార్యక్రమాలు: కొన్ని ఉదాహరణలు

సెలవుల్లో మ్యూజియంలు పిల్లలకు తలుపులు తెరచుట కొత్త కాదు. 1951 డిసెంబరు 16న ప్రారంభమై, 1961 పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొందిన హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం వేసవిలో పిల్లలకు కళా శిక్షణ శిబిరాలు నిర్వహించింది. భోపాల్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయం వృత్తి కళాకారులనే గురువులుగా పిలిపించి ‘చేసి నేర్చుకొను’ పద్ధతిలో శిక్షణ ఇచ్చింది. స్వీడన్ దేశంలో ఆర్తుర్ హాజేలియస్ 1891లో స్టాక్‌హోంలో స్కాన్సెన్ అను ఆరుబయలు మ్యూజియం నెలకొల్పాడు. దేశం నలుమూలల నుండి పాత ఇండ్లను విప్పి తెచ్చి అక్కడ మరల నిలబెట్టారు. నడివేసవి పండుగను అక్కడ ఏటా జరుపుకొంటారు.

చరిత్ర సంఘాల విషయంలో తెలుగునాట మంచి సంప్రదాయమున్నది. 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. విద్యావంతులు కొందరు పూనుకొని శాసనాలు, నాణేలు, ప్రాచీన వస్తువులు సేకరించారు. నేడు ఆ పట్టణంలోని ప్రభుత్వ మ్యూజియం మండలి ప్రముఖులలో ఒకరైన రాళ్ళబండి సుబ్బారావు పేరు ధరించి ఉన్నది. చూపించుట మాత్రమే కాక సేకరించుట కూడా ప్రజల పనియే అని ఆ మండలి నిరూపించింది. బిష్టుపూర్ వంటి చోట వేసవి కార్యక్రమానికి ఈ రెండవ పనియే ముఖ్యం.

జంషెడ్‌పూర్ పరిసరాలలో వేసవి పంచాంగం కూడా ఇందుకు అనుకూలమైనదే. చైత్రంలో శ్రీరామ నవమి వస్తుంది. ఆదివాసులు సర్హుల్ జరుపుకొంటారు. ఏప్రిల్ నడుమ సరాయికేలాలో చైత్ర పర్వం సందర్భంగా ముఖాలకు మాస్కులు ధరించి ఛౌ నృత్యం చేస్తారు. 2010లో యునెస్కో ఛౌ నృత్యాన్ని మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం. దానిని 1977లో అంతర్జాతీయ మ్యూజియంల మండలి ఏర్పరచింది. ఆ మరునాడే జంషెడ్జీ వర్ధంతి. ఈ తేదీల నడుమ ఒక పాఠశాల లేదా గ్రంథాలయం చక్కని కార్యక్రమం రూపొందించుకొనవచ్చును.

సేకరణ విధానం

మొదటి మెట్టు ప్రశ్నించుట. ‘మీరు ఎప్పుడు వచ్చారు?’ అని అడిగితే పెద్దలకు సంవత్సరం గుర్తుండకపోవచ్చును. ‘జూబిలీ పార్కు తెరవక ముందా, తరువాతా?’ అని అడిగినచో వెంటనే చెప్పగలరు. ఆ పార్కు 1958లో నెహ్రూ చేతుల మీదుగా ప్రారంభమైనది. ఈ విధంగా తెలిసిన సంఘటనను ఆనవాలుగా పెట్టుకొని తెలియని తేదీని అంచనా కట్టవచ్చును. ఎవరితో వచ్చారు, మొదట ఎవరి ఇంట దిగారు, ఏ భాషలో పని నేర్చుకున్నారు అను ప్రశ్నలకు వచ్చే జవాబులు ఒక్క కుటుంబపు కథతో ఆగవు. పని నేర్పిన మేస్త్రీ, అన్నం పెట్టిన పొరుగువారు వేరే భాషవారై ఉండవచ్చును.

చేదు జ్ఞాపకాలను విడిచిపెట్టరాదు. 1979 ఏప్రిల్‌లో ఈ నగరం మత కల్లోలాన్ని అనుభవించింది. అటువంటి రోజులను గురించి అన్ని వర్గాల పెద్దలనూ మర్యాదతో విని, విన్నది విన్నట్లు వ్రాయుట చరిత్ర విద్యార్థి ధర్మం. చెప్పినవారి అనుమతి లేకుండా ఏదియూ బయట పెట్టరాదు.

రెండవ మెట్టు నమోదు. ప్రతి వస్తువుకు ఒక సంఖ్య ఇచ్చి, అది ఏది, ఎవరిది, ఎక్కడ దొరికినది, ఏ భాషలో ఉన్నది అను వివరాలు పుస్తకంలో వ్రాయాలి. వివరం లేని వస్తువు మ్యూజియంలో ఉన్నా మూగదే. ఉత్తరం ఇంటివారి వద్దనే ఉండవచ్చును. దాని ఛాయాచిత్రం తీసుకొనిన చాలును. తెలుగు ఉత్తరాన్ని చదవగల పెద్దవారిచేత చదివించి ధ్వని ముద్రణ చేసి, దాని సారాంశాన్ని హిందీలో కూడా వ్రాసి ఉంచినచో ఆ పిల్లల సంతాలీ, పంజాబీ స్నేహితులు సైతం దానిని తెలుసుకొనగలరు.

మూడవ మెట్టు సంరక్షణ. దీనికి వేసవికి మించిన అదను లేదు. తొలకరి వచ్చిన తరువాత గాలిలో తేమ పెరిగి కాగితానికి బూజు పడుతుంది. కనుక వర్షాలకు ముందే పెట్టెలు తెరచి, కాగితాలను నీడలో గాలికి ఆరబెట్టాలి; ఎండలో పెట్టినచో సిరా వెలిసిపోతుంది. గుండుసూదులు తుప్పు పట్టును గనుక తీసివేయాలి. చిరుగులకు జిగురు టేపు అంటించరాదు. కొన్నేళ్ళకు అది పసుపు మరక మిగుల్చుతుంది. ప్లాస్టిక్ పొరతో లామినేషన్ చేసినచో మరల విడదీయుట అసాధ్యం. ఛాయాచిత్రం వెనుక పేర్లు వ్రాయుటకు కలము కాక మెత్తని పెన్సిలు వాడి తేలికగా వ్రాయాలి.

ఫలితం

జూన్ నెలలో పాఠశాలలు తెరచినప్పుడు ఈ ప్రతులను ఒక గదిలో ప్రదర్శించవచ్చును. తెలుగు మనియార్డరు రసీదు ప్రక్కన ఒడియా జాబు, దాని ప్రక్కన గురుముఖిలో వ్రాసిన పెళ్ళి పిలుపు, ఆ వరుసలోనే సాక్చి గ్రామాన్ని గురించి సంతాల్ వృద్ధుడు చెప్పిన మాటలు ఉంచినప్పుడు ఒక సంగతి స్పష్టమవుతుంది. భాషలు వేరైనా వాటిలోని విషయాలు చాలావరకు ఒక్కటే: పని దొరికినది, డబ్బు పంపుచున్నాము, ఆరోగ్యం జాగ్రత్త, పండుగకు రాలేము. జాతీయ సమైక్యతను గురించిన ఉపన్యాసం కన్న ఇటువంటి నాలుగు కాగితాలు విద్యార్థి మనస్సుకు ఎక్కువ బోధించగలవు.

ఇందుకు పెద్ద భవనం, పెద్ద నిధి అవసరం లేదు. ఒక నమోదు పుస్తకం, ఒక పెన్సిలు, వినే ఓపిక చాలును. ఈ ఏటి సెలవులకు పల్లెకు వెళ్ళే విద్యార్థి తిరిగివచ్చేటప్పుడు మామిడి పండ్ల బుట్టతోపాటు ఒక పాత ఉత్తరం నకలు కూడా తెచ్చినచో, బిష్టుపూర్ చరిత్రలో ఒక పేజీ పూర్తి అయినట్లే.