"ఒక్కటి తింటే ఏం కాదులెండి": ఎవరి విషయంలో నిజం, ఎవరి విషయంలో కాదు?

మధ్యాహ్నం మూడున్నరకు మీటింగ్. హైదరాబాద్‌లో చాలా ఆఫీసుల్లో ఆ వేళకు బల్ల మీదికి వచ్చేవి దాదాపు ఒకటే రకం: ఉల్లి సమోసాలు, ఉస్మానియా బిస్కెట్లు, పాలూ చక్కెరా ముందే కలిపేసిన టీ. పన్నెండు మంది కూర్చుంటే ఇద్దరు ముగ్గురు పళ్లెం తమ దాకా రాగానే పక్కవారికి జరిపేస్తారు. అది చూసి ఎవరో ఒకరు మర్యాదకు అంటారు: "ఒక్కటి తీసుకోండి. ఒక్కటి తింటే ఏం కాదులెండి."

కొందరి విషయంలో ఈ మాట నిజమే. కొందరి విషయంలో సగం నిజం. ఇంకొందరి విషయంలో ఆ ఒక్కటే ఆసుపత్రికి దారి తీయవచ్చు. చిక్కేమిటంటే, వద్దన్నవారు చెప్పే కారణం మాత్రం అందరిదీ ఒకటే: "నాకు పడదండీ." తెలుగులో 'పడదు' చాలా బరువు మోసే మాట. జీర్ణం కాకపోయినా పడదు, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా పడదు, రుచి నచ్చకపోయినా పడదు. శరీరం లోపల మాత్రం ఇవి వేర్వేరు కథలు. ఏ కథలో ఎంత మోతాదు ప్రమాదమో తెలిస్తే, మీటింగ్‌కు ఏం తెప్పించాలన్నది సగం తేలిపోతుంది.

పాలు పడవంటే?

టీ నుంచే మొదలుపెడదాం. పాలలోని చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని విడగొట్టడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. పసితనంలో అందరికీ పుష్కలంగా ఉండే ఈ ఎంజైమ్ పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. తగ్గకుండా కాపాడే జన్యుమార్పు మన దేశంలో వాయవ్య ప్రాంతాల్లో ఎక్కువగా, దక్షిణాన, తూర్పున తక్కువగా కనిపిస్తుందని 2012లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. విడిపోని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి. కడుపుబ్బరం, గ్యాస్, కొన్నిసార్లు విరేచనాలు దాని ఫలితమే.

ఇక్కడ లెక్క మనకు సాయం చేస్తుంది. లాక్టోజ్ సరిపడని పెద్దవారిలో ఎక్కువమంది ఒక విడతలో సుమారు 12 గ్రాముల దాకా పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకోగలరని అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే దాదాపు ఒక గ్లాసు పాలు. ఆఫీసు టీ కప్పులో పోసే పాలు 40, 50 మిల్లీలీటర్లు అనుకుంటే లాక్టోజ్ రెండు, రెండున్నర గ్రాములే. కాబట్టి వీరికి "ఒక్క కప్పు తాగితే ఏం కాదు" అన్నది చాలావరకు నిజం. మజ్జిగ అయితే ఇంకా నయం, ఎందుకంటే పాలు తోడుకునేటప్పుడే బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేసి ఉంటాయి.

అయితే పాలు పడవన్న మనిషికి ఉన్నది పాల అలర్జీ అయితే ఈ లెక్క చెల్లదు. అక్కడ సమస్య పాల చక్కెరతో కాదు, కేసీన్ వంటి పాల ప్రోటీన్లతో. మజ్జిగా అంతే ప్రమాదం, బిస్కెట్‌లోని పాలపొడీ అంతే ప్రమాదం. లాక్టోజ్ తొలగించిన పాలు కూడా వీరికి పనికిరావు. కాఫీలో పాలు కలిపిన చెంచాను తుడిచి బ్లాక్ టీలో పెట్టడం కూడా మంచిది కాదు.

చక్కెర: ఒకరికి బరువు, ఒకరికి మందు

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవారు 13.6 కోట్లు. మన పన్నెండు మందిలో ఒకరిద్దరు వీరిలో ఉంటారనుకోవడం అతిశయోక్తి కాదు. వాళ్లు ఆ సంగతి ఆఫీసులో చెప్పి ఉండకపోవచ్చు.

చెంచా చక్కెర సుమారు 4 గ్రాములు. కప్పుకు రెండు చెంచాలు, రోజుకు నాలుగు కప్పులు అయితే 32 గ్రాములు. విడిగా కలిపే చక్కెర మొత్తం రోజుకు 50 గ్రాములు దాటకూడదనీ, 25 లోపు ఉంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన (రోజుకు 2000 కిలోక్యాలరీల ఆహారం లెక్కన). టీలోనే ఇంత పోతే, బిస్కెట్ మాట ఎత్తక ముందే సగానికి పైగా కోటా అయిపోయింది. ఇక్కడ ఒక్క కప్పుతో ఏదో అయిపోదు. రోజూ ఆ ఒక్కటి నాలుగు సార్లు రావడమే సమస్య. చక్కెర వేయకుండా టీ కాచి, పక్కన గిన్నెలో పెడితే ఖర్చు లేకుండా తీరిపోయే సమస్య ఇది. చాలా ఆఫీసులు ఇంత చిన్న పని ఎందుకు చేయవో నాకు ఎప్పటికీ అంతుపట్టదు.

'షుగర్ ఫ్రీ' బిస్కెట్లు తెప్పించడం మాత్రం సరైన జవాబు కాదు. చక్కెర తీసేసినా మైదా అక్కడే ఉంటుంది, మైదాలోని పిండిపదార్థం విడిపోయి చివరికి గ్లూకోజే అవుతుంది. బెల్లం మిఠాయిల సంగతీ అంతే. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరలో ఉండే సుక్రోజే.

అలాగని తీపిని పూర్తిగా వెలివేయనూ కూడదు. ఇన్సులిన్ తీసుకునేవారికి, కొన్ని రకాల మాత్రలు వాడేవారికి భోజనం ఆలస్యమైతే రక్తంలో గ్లూకోజ్ పడిపోతుంది. డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేతులు వణకడం, చెమటలు, తికమక మొదలవుతాయి. ఒంటిగంటకు ముగియాల్సిన మీటింగ్ రెండున్నర దాకా సాగినప్పుడు ఇది నిజంగా జరిగే విషయం. అప్పుడు వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ కావాలి. అంటే నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి. బిస్కెట్ ఆ పనికి అంత అనుకూలం కాదు, అందులోని కొవ్వు చక్కెర రక్తంలో చేరే వేగాన్ని తగ్గిస్తుంది.

గోధుమ: మిల్లీగ్రాముల్లోకి దిగే లెక్క

సీలియాక్ వ్యాధిలో గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్‌కు స్పందించి రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పోషకాలను పీల్చుకునే విల్లై అనే సన్నని మొలకలు అరిగి చదునైపోతాయి. దీనికి గోధుమే కారణమని నిరూపించింది డచ్ పిల్లల వైద్యుడు విలెమ్ డికె. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944–45 చలికాలంలో, నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని కరువు వచ్చింది. ఈ జబ్బున్న పిల్లలు ఆ కరువులో కుదుటపడి, రొట్టె తిరిగి రాగానే మళ్లీ క్షీణించడం ఆయన అంతకుముందే పెంచుకుంటున్న అనుమానాన్ని బలపరిచింది.

మందు లేని ఈ వ్యాధికి గ్లూటెన్‌ను జీవితాంతం మానేయడమే చికిత్స. ఎంత కచ్చితంగా? రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఎక్కువమందికి హాని ఉండదని, 50 మిల్లీగ్రాములు కొన్నాళ్లు తింటే పేగు దెబ్బతింటుందని పరిశోధనలు తేల్చాయి. మైదాలో గ్లూటెన్ సుమారు 8 శాతం అనుకుందాం. ఒక సమోసా పైపొరకు 20 గ్రాముల మైదా పట్టినా గ్లూటెన్ 1600 మిల్లీగ్రాములు. అంటే ఆ పరిమితికి 160 రెట్లు. సమోసా సంగతి సరే, పదో వంతు గ్రాము మైదా, అంటే వేలికి అంటుకునే పిండి, దాదాపు రోజంతటి కోటాతో సమానం.

అందుకే సమోసాలు వేయించిన మూకుడులోనే వేయించిన మినప గారె వీరికి సురక్షితం కాదు. గారెలో గోధుమ లేకపోయినా నూనెలో రాలిన మైదా ముక్కలు దానికి అంటుకుంటాయి. మన వంటింటి పేర్లు ఇంకో గందరగోళం. ఇడ్లీ రవ్వతో చేసిన ఇడ్లీలో గోధుమ ఉండదు, అది బియ్యపు రవ్వ. రవ్వ ఇడ్లీలో ఉంటుంది, అది బొంబాయి రవ్వ. మాటలు అటూ ఇటూ అయితే మనిషి జబ్బు పడతాడు. మైసూరు బజ్జీ మైదాయే. అన్నిటికంటే మోసపూరితమైనది ఇంగువ. అసలు ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు, అది మరీ ఘాటు. బజారులో దొరికే డబ్బా ఇంగువలో దాన్ని పలుచన చేయడానికి చాలా కంపెనీలు మైదా కలుపుతాయి. బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి. డబ్బా వెనక చదవడం ఒక్కటే మార్గం.

దక్షిణాదిన ఈ వ్యాధి అరుదు కదా అనవచ్చు. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో దీన్ని సూచించే యాంటీబాడీలు ఉత్తర భారతంలో 1.23 శాతం మందిలో, దక్షిణాన 0.10 శాతం మందిలో కనిపించాయి. రోజుకు తినే గోధుమ ఉత్తరాదిన సగటున 455 గ్రాములైతే దక్షిణాదిన 25 గ్రాములే. కానీ హైదరాబాద్ ఆఫీసులో కూర్చున్నవారు అన్ని రాష్ట్రాల నుంచీ వచ్చినవారు. పైగా సీలియాక్ ఉన్నవారు సమోసా తింటే చాలాసార్లు వెంటనే ఏమీ కనిపించదు. "చూశారా, ఏం కాలేదుగా" అని పక్కవారు నవ్వుతారు. పేగు లోపల ఏం జరుగుతున్నదో బల్ల మీద కనిపించదు.

అలర్జీ: నిమిషాల వ్యవధి

పల్లీ, జీడిపప్పు, గుడ్డు, రొయ్య, నువ్వులు. ఇవి అలర్జీ ఉన్నవారి శరీరంలో ఐజీఈ అనే యాంటీబాడీలు ముందే తయారై, మాస్ట్ కణాలకు అంటిపెట్టుకుని కాచుకుని ఉంటాయి. ఆ ప్రోటీన్ లోపలికి రాగానే కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతాయి. దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు బొంగురుపోవడం, ఊపిరి ఆడకపోవడం, రక్తపోటు పడిపోవడం, ఇదంతా కొన్ని నిమిషాల్లో జరగవచ్చు. మరీ సున్నితమైనవారికి కొద్ది మిల్లీగ్రాముల పల్లీ ప్రోటీన్ చాలు. ఒక పల్లీ గింజలో అంతకు ఎన్నో పదుల రెట్లు ఉంటుంది.

మన దగ్గర ఇడ్లీ అంటే పక్కన పల్లీ చట్నీ ఉండాల్సిందే. ఇడ్లీ దోషం లేనిది, చట్నీ గరిటె ఇడ్లీ గిన్నెలోకి దిగిందంటే ఆ గిన్నె మొత్తం పోయినట్టే. కోవిడ్ తర్వాత చాలామంది చేతికి శానిటైజర్ రాసుకుని శుభ్రమైపోయిందనుకుంటున్నారు. అది క్రిముల్ని చంపుతుంది కానీ ప్రోటీన్‌ను కడిగేయదు. 2004లో అమెరికాలో చేసిన ఒక పరీక్షలో శానిటైజర్ వాడిన తర్వాత కూడా కొందరి చేతుల మీద పల్లీ అలర్జీ కారకం మిగిలింది. సబ్బుతో కడిగినప్పుడు మిగల్లేదు.

ఎవరికైనా ఊపిరి ఇబ్బందిగా ఉంటే అలర్జీ మాత్ర ఇచ్చి చూద్దామని కూర్చోకూడదు. మొదటి చికిత్స తొడ కండరానికి అడ్రినలిన్ ఇంజెక్షన్. తమ వద్ద ఉంచుకునేవారైతే వెంటనే వేయించుకోవాలి, లేకుంటే 108కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలి. మనిషిని నడిపించకూడదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచాలి. ఊపిరి అందకపోతే కూర్చోనివ్వాలి.

పచ్చ చుక్క చెప్పనివి

ప్యాకెట్ మీది పచ్చ చుక్క ఒక్క ప్రశ్నకే జవాబు. మాంసం, చేప, గుడ్డు లేవని చెబుతుంది. పాలు ఉన్నా అది పచ్చగానే ఉంటుంది, కాబట్టి వీగన్‌లకు సరిపోదు. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ ఉన్నా పచ్చగానే ఉంటుంది, కాబట్టి జైనులకూ సరిపోదు. ఇలాంటివారి విషయంలో, రంజాన్ ఉపవాసంలో ఉన్నవారి విషయంలో, మోతాదు లెక్కలు అసలు వర్తించవు. తినకూడదన్నది వాళ్ల నిర్ణయం, అంతే.

భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 నిబంధనల ప్రకారం గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, పల్లీలు-గింజపప్పులు, సోయా, సల్ఫైట్లు ఉంటే ప్యాకెట్ మీద విడిగా ప్రకటించాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. అమెరికాలో 2023 నుంచి నువ్వులనూ చేర్చారు. నువ్వుల ఉండలూ నువ్వుల పొడీ ఇంతగా తినే దేశానికి ఈ లోటు చిన్నది కాదు.

ఇక తెప్పించడం సంగతి. అందరికీ ఒక్కొక్కటి చొప్పున పది రకాలు తెప్పించడం కంటే, అందరూ తినగలిగే ఒకటి రెండు ముందు పెట్టి మిగతావి తర్వాత చేర్చడం మేలు. తొక్కతో ఉన్న అరటిపండుకు గరిటె అక్కర్లేదు, మూకుడు అక్కర్లేదు. ఇంగువ లేకుండా ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చి పోపు పెట్టిన శనగ గుగ్గిళ్లలో గోధుమ లేదు, పాలు లేవు, ఉల్లి లేదు, పీచూ ప్రోటీనూ ఉన్నందువల్ల చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. శనగలూ పడనివారు కొందరుంటారు, ఆవాలు పడనివారూ ఉంటారు, కాబట్టి ఏ వంటకమూ సర్వరక్షితం కాదు. అందుకే మీటింగ్ కబురులోనే రెండు ప్రశ్నలు అడగాలి. మీరు తిననివి ఏమిటి? అవి కొంచెం తగిలినా ప్రమాదమా, తక్కువైతే ఫరవాలేదా? కారణం చెప్పనక్కర్లేదు. రెండో ప్రశ్నకు "తగలకూడదు" అన్నవారి పళ్లెం విడిగా మూతపెట్టి, అందరికంటే ముందు వారికి అందించాలి.

ప్యాకెట్ల సరుకు పళ్లెంలో పోసి, రేపర్లు చెత్తబుట్టలో వేయడం మన అలవాటు. వాటిని మీటింగ్ అయిపోయాక కూడా గంటో రెండు గంటలో బల్ల మూలన ఉంచండి. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే డాక్టరు మొదట అడిగేది ఏం తిన్నారనే. దానికి రాతపూర్వకమైన జవాబు ఆ రేపరు వెనకే ఉంటుంది.