గరిటె పిల్లల చేతికివ్వండి

మీ పులిహోర తిన్నవాళ్లంతా మెచ్చుకుంటారు. శుభకార్యాలప్పుడు బంధువులు ముందుగా మిమ్మల్నే వంటగదిలోకి పిలుస్తారు. "ఇంట్లోనే పిల్లలకు వంట క్లాసులు పెట్టకూడదూ!" అని ఎవరో ఒకరు మీతో అనే ఉంటారు. మంచి మాటే. అయితే ఒక సంగతి తెలుసుకుని దిగండి. వంట బాగా రావడం ఒక్కటే ఈ పనికి చాలదు. ఒక్కోసారి అదే అడ్డం పడుతుంది.

చేయి తిరిగిన మనిషికి ఎదుటివాళ్ల వంకర పని చూస్తే చేయి ఆగదు. తొమ్మిదేళ్ల పిల్ల కీరదోసకాయ చెక్కు తీయడానికి అయిదు నిమిషాలు తీసుకుంటుంది. కాయలో సగం చెక్కుతోనే పోతుంది. "ఇలా ఇవ్వమ్మా, నేను తీస్తా" అని మీరు అందుకుంటారు. అర నిమిషంలో పని అయిపోతుంది, ఆ పిల్ల చేతులు ముడుచుకుని చూస్తూ నిలబడుతుంది. తల్లిదండ్రులు డబ్బు కట్టింది అందుకా? ఎవరో వండుతుంటే చూడాలంటే ఫోన్‌లో బోలెడు వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. మీ ఇంటికి పంపేది తమ బిడ్డ చేత్తో పని జరగాలని. మీరు అమ్మేది అదొక్కటే. రుచి తర్వాతి సంగతి.

అందుకే వంటల పట్టిక రాసుకునే ముందు మీ చేతులకు శిక్షణ ఇవ్వండి. మీ పిల్లలతోనో అన్నయ్యగారి పిల్లలతోనో ఒకటి రెండు వారాలు సాధన చేయండి. పని ఒకసారి చేసి చూపించండి, ఒకసారి నోటితో చెప్పండి, ఆ తర్వాత ఊరుకోండి. దెబ్బ తగులుతుందనిపిస్తే తప్ప కలగజేసుకోవద్దు. ఉప్పు ఎక్కువైందా? తిననివ్వండి. ఏం చేస్తే సర్దుకుంటుందో వాళ్లనే అడగండి. నిమ్మకాయ పిండుదామని ఒకరు, ఇంకాస్త పప్పు కలుపుదామని ఒకరు అంటారు. రెండూ చేయించండి. ఇలా ఊరుకోగలిగే ఓపిక మీకు వచ్చిన రోజే మొదటి క్లాసు ప్రకటించండి. రాకపోతే ఇంకో వారం ఆగండి, తొందరేం లేదు.

చేతుల తర్వాత చూడాల్సింది చోటు. విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో పేద పిల్లల కోసం బడి పెట్టినప్పుడు బల్లలు, కుర్చీలు పిల్లల కొలతకు తగ్గట్టు ఏర్పాటు చేశారు. నీళ్లు పోయడం, వడ్డించడం, గిన్నెలు కడగడం అక్కడ పాఠాలే. 1939లో ఆమె మద్రాసు వచ్చి, అడయారులో మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. వంట క్లాసు పెట్టేవాళ్లకు ఆమె నుంచి అందే పాఠం ముఖ్యంగా ఎత్తు గురించే. మన గ్రానైట్ గట్టు పెద్దవాళ్ల నడుము ఎత్తుకు కట్టింది. ఏడేళ్ల పిల్లవాడికి అది ఛాతీ దాకా వస్తుంది. వాడు మునివేళ్ల మీద నిలబడి కత్తి పట్టుకోవడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. మన అమ్మమ్మలు నేల మీద పీట వేసుకుని కూరలు తరిగారు, రోట్లో పచ్చడి నూరారు. ఆ వంటిల్లు పిల్లలకు అందే ఎత్తులో ఉండేది. గట్టు వచ్చాకే పిల్లలు వంటగది గుమ్మం దగ్గర ఆగిపోయారు. అందువల్ల హాల్లో చాప పరిచి, పీటలు వేసి, ఒక్కొక్కరి ముందు ఒక పళ్లెం, ఒక గిన్నె, ఒక చిన్న రోలు పెట్టండి. కొత్త సామాను కోసం అప్పు చేయాల్సిన పనే లేదు.

ఇక ఏం నేర్పాలి? చాలామంది కప్‌కేకుతో మొదలుపెడతారు. పైన రంగురంగుల క్రీము, ఫొటోకు బాగుంటుంది. నేనైతే వద్దంటాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం విడుదల చేసిన 17 ఆహార సూత్రాల్లో చక్కెర, ఉప్పు తగ్గించమన్నది గట్టిగానే ఉంది. పిల్లలకు వంటలో మొదటి జ్ఞాపకం క్రీము గొట్టం కానక్కర్లేదు. మన పండగల్లో పొయ్యి వెలిగించకుండా చేసేవి ఎన్ని ఉన్నాయో చూడండి. ఉగాది పచ్చడి, శ్రీరామనవమికి వడపప్పు, పానకం, పచ్చి చలిమిడి. రొట్టెలు మీరు ముందే కాల్చి పెట్టుకుంటే సద్దుల బతుకమ్మకు మలీద. మినప్పప్పు మీరు ముందే వేయించి, విసిరించి పెట్టుకుంటే సున్నుండలు పూర్తిగా పిల్లల పనే. సగం ఏడాదికి సరిపడా పాఠాలు మన పంచాంగంలోనే ఉన్నాయి.

ఒక క్లాసు ఎలా నడపాలో పానకం, వడపప్పుతో చెబుతాను. పెసరపప్పు రెండు గంటల ముందే నానబెట్టండి. నానని పప్పు కూడా అంతే కొలిచి పక్కన పెట్టండి. పిల్లలు రాగానే రెండూ ముట్టుకుని, రెండు పలుకులు కొరికి చూడమనండి. గ్లాసు పప్పు నానాక ఎంతయిందో వాళ్లనే కొలవమనండి. పానకానికి ఇద్దరు బెల్లం దంచుతారు, ఇద్దరు మిరియాలు నూరుతారు, చిన్నవాళ్లు యాలకులు ఒలుస్తారు. ఒక గిన్నెలో బెల్లం ముక్కగా వేయించండి, ఇంకో గిన్నెలో పొడిగా. ఏది ముందు కరుగుతుందో చూడమనండి. బడిలో సైన్సు పుస్తకంలో చదివింది ఇక్కడ నాలుక మీదికి వస్తుంది. మిరియం ఒక చిటికెడు వేసి రుచి, ఇంకో చిటికెడు వేసి రుచి. ఎవరికి ఎక్కడ చాలనిపించిందో వాళ్ల గ్లాసుకు అక్కడ ఆపండి. ఆరుగురి పానకం ఆరు రకాలుగా ఉంటుంది. ఉండనివ్వండి. అందరిదీ ఒకేలా రావాలని మీరు పట్టుబట్టారంటే క్లాసు మళ్లీ మీ చేతిలోకి వచ్చేసినట్టే. కొబ్బరి మాత్రం మీరే కోరి పెట్టండి. కత్తిపీట, కోరాము పిల్లల దగ్గరికి రానివ్వద్దు.

పొయ్యి రెండో మెట్టు. పదేళ్లు దాటినవాళ్లకు, ఒక్కొక్కరుగా, పక్కన మీరు నిలబడి. ఇండక్షన్ పొయ్యి గట్టు మీద కాకుండా కదలని పొట్టి బల్ల మీద పెట్టి పెసరట్టు వేయించవచ్చు. కాగే నూనెలో వేయించేది ఏ వయసుకూ వద్దు. ఎంతమంది బతిమాలినా వద్దు. ఆరేళ్లవాళ్లను, పన్నెండేళ్లవాళ్లను ఒకే చాప మీద కూర్చోబెట్టవద్దు. పెద్దపిల్లలు పని లాగేసుకుంటారు, చిన్నపిల్లలు ఆటలో పడతారు. బ్యాచ్‌కు ఆరుగురు చాలు, పెద్దవాళ్లు ఇద్దరు తప్పనిసరి. ఒకరు నేర్పుతుంటే ఇంకొకరి పని కేవలం చూస్తూ ఉండడం.

చేర్చుకునేటప్పుడే రాతపూర్వకంగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పల్లీలు, జీడిపప్పు, పాలు, గుడ్డు, గోధుమ, నువ్వులు, వీటిలో ఏదైనా పడదా? ఆస్తమా ఉందా? అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి? పల్లీలు పడని పిల్ల ఒక్కతి ఉన్నా ఆ బ్యాచ్ మొత్తానికి పల్లీలు మానేయండి. చేయి కాలితే వెంటనే కొళాయి కింద పెట్టి చల్లటి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయనివ్వాలి. పసుపు, టూత్‌పేస్టు, ఐసు ఏవీ రాయకూడదు. ఉంగరం, గాజులు వాపు రాకముందే తీసేయాలి. అంబులెన్స్‌కు 108, గ్యాస్ లీకైతే 1906, ఈ రెండు నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించండి. క్లాసు జరిగేంతసేపు ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారో తల్లిదండ్రులకు అడగకముందే చెప్పండి. పిల్లల ఫొటోలు వాళ్ల అమ్మానాన్నల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టవద్దు. నమ్మకం ఇలాంటి చోటే మొదలవుతుంది.

ఇప్పుడు డబ్బు. ఈ మాట దగ్గరే చాలామంది గొంతు తగ్గుతుంది, ముఖ్యంగా ఇన్నాళ్లూ వండింది ఎవరూ లెక్కకట్టని ఆడవాళ్లకు. లెక్క వేసి చూడండి, గొంతు దానంతట అదే నిలబడుతుంది. వారానికొకటి, గంటన్నర క్లాసు, నెలకు నాలుగు. పిల్లకు నెలకు 1,200 చొప్పున ఆరుగురికి 7,200 రూపాయలు. సరుకులు తలకు, క్లాసుకు 40 చొప్పున 960. సాయం చేసే మనిషికి క్లాసుకు 200 చొప్పున 800. సబ్బు, తువ్వాళ్లు, కరెంటు 300. మిగిలేది 5,140. మీ సమయం? క్లాసు గంటన్నర, ముందు సర్దడం గంట, తర్వాత శుభ్రం గంట, బజారుకు ఇంకో గంట. నెలకు 18 గంటలు. అంటే గంటకు సుమారు 285 రూపాయలు. అంకెలు మీ ఊరిని బట్టి మార్చుకోండి కానీ, మీ గంటను మాత్రం లెక్కలోంచి తీసేయకండి. అదే రోజు సాయంత్రం రెండో బ్యాచ్ పెడితే బజారు పని, సర్దుడు కలిసొస్తాయి. లాభం అక్కడుంది, ఒకే బ్యాచ్‌లో పన్నెండుమందిని కుక్కడంలో లేదు.

ఫీజు నెల మొదట్లోనే తీసుకోండి. పక్కింటి పిన్నిగారి మనవడైనా సరే. "మనవాళ్లే కదా" అన్న మాటకు జవాబు ముందే సిద్ధం చేసుకోండి: "అందుకేనండీ, మీ అబ్బాయికి ఒక సీటు ఆపి ఉంచాను. ఫీజు అందరికీ ఒకటే." నవ్వుతూ చెప్పండి, చెప్పాక ఇంకో వివరణ జోడించకండి. వివరణ పెరిగిన కొద్దీ బేరానికి తలుపు తెరుచుకుంటుంది.

కాగితాల పని కొంచెమే. ఉద్యం పోర్టల్‌లో ఆధార్‌తో నమోదు ఉచితం. ఎవరైనా దానికి ఫీజు అడిగితే ఇవ్వకండి. సేవలకు ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. చేసినవి పొట్లాలు కట్టి బయట అమ్మాలనుకుంటే మాత్రం అది ఆహార వ్యాపారం, ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదు కావాలి. ఇంటి యజమానికి, అపార్ట్‌మెంట్ సంఘానికి ముందే ఒక మాట చెప్పండి. రెండో నెలలో లిఫ్టు దగ్గర గొడవ కన్నా అది నయం.

వేసవి సెలవుల్లో, ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా, పిలవకుండానే పిల్లలు వస్తారు. బడి తెరిచాక సగం మంది మాయమవుతారు. దానికి కుంగిపోవద్దు, ముందే ఏర్పాటు చేసుకోండి. బడి రోజుల్లో శనివారం ఒక్క బ్యాచ్ చాలు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని 10 రోజులు ఉండాలని చెప్పింది. ఆ రోజుల్లో పొయ్యి అక్కర్లేని వంట ఒకటి నేర్పుతానని మీ దగ్గరి బడి ప్రధానోపాధ్యాయులను కలిసి అడగండి. వట్టి మాటలతో వెళ్లకుండా ఒక పేజీలో క్లాసు పథకం, సరుకుల ఖర్చు, జాగ్రత్తలు రాసుకుని వెళ్లండి.

చివరి పావుగంట గిన్నెలు కడగడానికి. ఇది క్లాసులో భాగమని చేర్చుకునేటప్పుడే చెప్పండి. తిన్న పళ్లెం, వాడిన రోలు, తుడిచిన చాప, అన్నీ పిల్లల పనే. మగపిల్లలకు ఇందులో మినహాయింపు లేదు. ఎప్పుడో ఒకసారి ఒక తల్లో తండ్రో వచ్చి అడుగుతారు: "వంట నేర్పమన్నాం కానీ, మా అబ్బాయి చేత గిన్నెలు తోమిస్తారేంటండీ?" కోపం తెచ్చుకోకండి. వంటంటే అడుగంటిన గిన్నె కూడా కలిపేనని ఒక్కసారి చెప్పండి. ఒప్పుకోకపోతే మిగిలిన వారాల ఫీజు అక్కడికక్కడే లెక్కకట్టి తిరిగి ఇచ్చి, ఆ సీటు కోసం ఎదురుచూస్తున్న వాళ్లకు సాయంత్రమే ఫోన్ చేయండి.