ఏజెన్సీ సబ్ సెంటర్‌లో కొలువు: లెక్క తెలిసి దిగండి

కొత్తగూడెంలో నర్సింగో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో చదివిన పిల్లల చూపు ముందు సింగరేణి ఆసుపత్రి మీదే పడుతుంది. జీతం, క్వార్టరు, కంపెనీ పేరు... తప్పేం లేదు. అయితే ఆ ఆసుపత్రి ప్రధానంగా కంపెనీ ఉద్యోగులకు, వాళ్ల కుటుంబాలకు. గుండాల, చర్ల, దుమ్ముగూడెం వైపు గూడేలకు దిక్కు ప్రభుత్వ వైద్య ఆరోగ్య శాఖే. 2011 జనాభా లెక్కల ప్రకారం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. మైదానంలో 5 వేల మందికి ఒక సబ్ సెంటర్ అయితే, ఏజెన్సీలో 3 వేల మందికే ఒకటి ఉండాలన్నది నిబంధన. కొలత బాగానే ఉంది. వాగులు దాటుకుంటూ అక్కడే ఉండి పనిచేసే మనిషి దొరకడమే కష్టం.

అలా పనిచేసినవాళ్లకు నియామకాల్లో కొంత న్యాయం జరిగే మార్గం ఒకటుంది. రాష్ట్ర వైద్య ఆరోగ్య నియామక బోర్డు ఏఎన్‌ఎం, నర్సింగ్ ఆఫీసర్, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్లలో రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ వైద్య సంస్థల్లో చేసిన కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు గరిష్ఠంగా 20 మార్కులు పెట్టారు. గిరిజన ప్రాంతంలో ప్రతి ఆరు నెలలకు 2.5, మిగతా చోట్ల 2. అంటే చర్లలో నాలుగేళ్లు చేస్తే పూర్తి 20 వచ్చేస్తాయి, పట్టణంలో అయితే ఐదేళ్లు కావాలి. అర మార్కు తేడాతో పోస్టు చేజారే పోటీలో ఇది చిన్న విషయం కాదు. అందుకే చేరిన రోజు నుంచే నియామక ఉత్తర్వు, జాయినింగ్ కాగితం భద్రపరచండి. మీరు పనిచేసే చోటు ఏజెన్సీ కిందికి వస్తుందో లేదో ముందే తేల్చుకోండి. నోటిఫికేషన్ వచ్చాక సర్వీస్ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగితే గడువు దాటిపోవచ్చు.

ఈ వెయిటేజీ అన్నిటికీ మందు కాదు. ఒకే సబ్ సెంటర్‌లో రెగ్యులర్ ఏఎన్‌ఎం, కాంట్రాక్టు మీదున్న రెండో ఏఎన్‌ఎం అవే టీకాలు వేస్తారు, అవే రిజిస్టర్లు రాస్తారు. జీతాలకు మాత్రం పొంతన ఉండదు. తమను రెగ్యులర్ చేయాలని రెండో ఏఎన్‌ఎంలు 2023 ఆగస్టులో సమ్మెకు దిగింది ఇందుకే. కాంట్రాక్టులో చేరేవాళ్లు ఇది తెలిసే చేరాలి.

స్థానికత లెక్క కూడా చూసుకోండి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఈ పోస్టుల్లో 95 శాతం స్థానికులవే. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికులు. కానీ ఈ కొలువులు జోన్ స్థాయివి. మన భద్రాద్రి జోన్‌లో ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, హనుమకొండ కూడా ఉన్నాయి. చర్ల అమ్మాయికి, హనుమకొండలో బడి చదువు చదివిన అమ్మాయికి స్థానికత ఒక్కటే! ఎస్టీ రిజర్వేషన్ ఉన్నా అదీ జోన్ మొత్తానికి లెక్కే. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది కాబట్టి, ఆ దారి ఇక్కడా తెరుచుకుంటుందన్న ఆశ పెట్టుకోకండి.

ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ చదివి ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసిన అమ్మాయిలు ఏఎన్‌ఎం పోస్టుకు అర్హులు. జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ వాళ్లకు నర్సింగ్ ఆఫీసర్‌తో పాటు, నిబంధనల ప్రకారం అర్హత ఉంటే పల్లె దవాఖానా ఉద్యోగాలూ ఉంటాయి. అబ్బాయిలు ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు వైపు చూడొచ్చు. కోర్సును బట్టి సంబంధిత కౌన్సిల్‌లో గానీ, పారామెడికల్ బోర్డులో గానీ పేరు నమోదు కాకపోతే ఏ డిప్లొమా అయినా దరఖాస్తు దగ్గరే ఆగిపోతుంది. డిగ్రీ చేసి ప్రణాళిక, పర్యవేక్షణ పనుల్లోకి వెళ్లాలనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఐఐపీహెచ్‌లో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) ఉంది.

ఇక భాష సంగతి. ఈ నియామక పరీక్షలో కోయ భాషకు గానీ, లంబాడీకి గానీ ఒక్క మార్కూ ఉండదు. ఉండాలన్నది నా అభిప్రాయం. జ్వరం ఎన్ని రోజుల నుంచి ఉందో, బాలింత ఏం తింటోందో ఆమె మాటలోనే అడగగలిగే ఏఎన్‌ఎంకు, ఆశా కార్యకర్తను పక్కన పెట్టుకుని సగం సగం అర్థం చేసుకునే ఏఎన్‌ఎంకు పనిలో చాలా తేడా ఉంటుంది. ఇంట్లో ఆ భాష మాట్లాడే పిల్లలు దాన్ని దాచుకోకుండా పనిలో వాడండి. రానివాళ్లు చేరిన మొదటి నెలల్లోనే ఆ ఊరి ఆశా దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టండి.