రక్తం గడ్డకట్టడం ఎక్కడ మొదలవుతుంది?

కూరగాయలు తరుగుతుంటే వేలు తెగుతుంది. గుడ్డతో కాసేపు అదిమి పట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. ఇందులో మనం చేసింది తక్కువ, శరీరం చేసింది ఎక్కువ. రక్తనాళాల్లో రాత్రింబవళ్లు పారుతున్నా గడ్డకట్టని రక్తం, గాయమైన చోట మాత్రం నిమిషాల్లో గడ్డకడుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో దానికెలా తెలుస్తుంది? రక్తదాన శిబిరాల్లో దాతలు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది.

మొదటి అడ్డుకట్ట

నాళం తెగగానే దాని గోడలోని కండరం బిగుసుకుంటుంది, దారి ఇరుకవుతుంది. లోపలి నునుపైన పొర చిరిగి, కింద ఉన్న కొల్లాజెన్ అనే నారలాంటి ప్రొటీన్ బయటపడుతుంది. రక్తంలోని వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ దానికి అతుక్కొని, పారుతున్న ప్లేట్‌లెట్లను పట్టి నిలుపుతుంది. అవి ఒకదానికొకటి అంటుకొని గండికి తాత్కాలికంగా అడ్డుపడతాయి. కానీ ఇది మట్టికట్ట లాంటిది. ఎక్కువసేపు నిలవదు.

నిప్పురవ్వ

అసలు గడ్డకు నాంది పలికేది టిష్యూ ఫ్యాక్టర్. ఇది నాళం చుట్టూ ఉండే కణాల మీద ఉంటుంది. నాళం బాగున్నంత కాలం రక్తం దీన్ని తాకదు. తెగినప్పుడే రక్తంలోని 7వ ఫ్యాక్టర్ వచ్చి దీన్ని కలుసుకుంటుంది. ఆ జంట 9, 10 ఫ్యాక్టర్లను మేల్కొలుపుతుంది. 10వ ఫ్యాక్టర్ వల్ల కొద్దిపాటి త్రాంబిన్ పుడుతుంది. ఇది నిప్పురవ్వ మాత్రమే. పైగా గడ్డ అదుపు తప్పకుండా శరీరమే ఆ రవ్వను త్వరగా ఆర్పేస్తుంది.

ఆరేలోగా రవ్వ మంట కావాలి. ఆ కొద్ది త్రాంబిన్ 5, 8 ఫ్యాక్టర్లను, ప్లేట్‌లెట్లను ఉత్తేజపరుస్తుంది. ప్లేట్‌లెట్ల మీద 8, 9 ఫ్యాక్టర్లు జతకట్టి మరెంతో త్రాంబిన్ పుట్టేలా చేస్తాయి. అప్పుడు రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్, ఫైబ్రిన్ దారాలుగా మారి వలలా అల్లుకుంటుంది. 13వ ఫ్యాక్టర్ ఆ వలకు ముడులు వేస్తుంది. అందుకే గాయాన్ని కనీసం 10 నిమిషాలు వదలకుండా అదమాలి. మాటిమాటికీ గుడ్డ తీసి చూస్తే అల్లుకుంటున్న వల చిరుగుతుంది. కాఫీపొడి, సున్నం అద్దవద్దు.

మంట రాజుకోకపోతే

8వ ఫ్యాక్టర్ లోపిస్తే హీమోఫీలియా ఎ, 9వది లోపిస్తే హీమోఫీలియా బి. ఈ పిల్లల్లో ప్లేట్‌లెట్లు బాగుంటాయి, రవ్వ పుడుతుంది, మంట మాత్రం రాజుకోదు. అందుకే గాయం మొదట ఆగినట్టే ఉండి, కొన్ని గంటల తర్వాత మళ్లీ కారుతుంది. హీమోఫీలియా ఎ సుమారు 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి వస్తుంది. సాధారణంగా తల్లి ద్వారా కొడుకుకు సంక్రమిస్తుంది. వెయ్యేళ్ల కిందటే అందలూసియా వైద్యుడు అబుల్ ఖాసిం అల్‌జహ్రావీ, చిన్న గాయానికే రక్తం ఆగక మగవారు మరణించే ఒక ఊరి గురించి రాశారు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మూడేళ్ల కిందట ఒక తల్లి తన బాబును మా సామూహిక సున్తీ శిబిరానికి తీసుకొచ్చింది. తన తమ్ముడికి పన్ను తీసినప్పుడు మూడు రోజులు రక్తం ఆగలేదని మాటల్లో చెప్పింది. మేము సున్తీ ఆపించి పరీక్ష చేయిస్తే బాబులో 8వ ఫ్యాక్టర్ చాలా తక్కువగా ఉంది. తర్వాత పెద్దాసుపత్రిలో ముందుగా ఫ్యాక్టర్ ఎక్కించి సున్తీ చేశారు. బాబు క్షేమంగా ఇంటికి వెళ్లాడు. అంతవరకు మా ఫారంలో ఆ ప్రశ్నే లేదు. ఆ తల్లి నోరు విప్పకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నేడు మా ఫారంలో మొదటి ప్రశ్న అదే: తల్లివైపు మేనమామలకు, తాతకు, పిన్ని, పెద్దమ్మ కొడుకులకు రక్తం ఆగని జబ్బు ఉందా?

ఉందంటే బ్లీడింగ్ టైమ్, క్లాటింగ్ టైమ్ బాగున్నాయని ధీమా పడకూడదు. హీమోఫీలియాలో బ్లీడింగ్ టైమ్ మామూలుగానే ఉంటుంది, స్వల్ప లోపాన్ని క్లాటింగ్ టైమ్ పట్టలేకపోవచ్చు. ఎ.పి.టి.టి., ఫ్యాక్టర్ పరీక్షలు చేయించాలి. దాదాపు మూడో వంతు మందికి కుటుంబంలో ఈ చరిత్ర ఉండదు. కనుక పాకే వయసులో పెద్ద పెద్ద కమిలిన మచ్చలు, కీళ్ల వాపులు కనిపించినా వైద్యునికి చూపించాలి.

దాత ఇచ్చేది

సంచిలో మీ రక్తం గడ్డకట్టకపోవడానికి కారణం అందులోని సిట్రేట్. గడ్డకట్టడానికి అవసరమైన కాల్షియాన్ని అది పట్టి ఉంచుతుంది. ఆ సంచిలోంచి ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా వేరు చేస్తారు. ప్లాస్మా నుంచి తీసే క్రయోప్రెసిపిటేట్‌లో 8వ ఫ్యాక్టర్, వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్, ఫైబ్రినోజెన్ ఉంటాయి. శుద్ధిచేసిన ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు అందని చోట ఇప్పటికీ ఇదే ఆదుకుంటోంది. మీ ఒంట్లో వేలి గాయాన్ని మూసే ఈ పదార్థమే, మీరు చేయి చాచి ఇచ్చినప్పుడు ముఖం తెలియని ఒక పసివాడి గాయాన్ని మూస్తుంది.